కావలివాణ్ని పంపేయడం ఇక కుదరదు!

పొద్దున్నే మదీనాగూడ నుంచి హైటెక్ సిటీ దారి పట్టే ఉద్యోగుల్లో సర్వర్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లూ ఉంటారు. ఆ వృత్తిలో ఓ పాత చిట్కా ఉంది. లినక్స్ మెషీన్‌లో ఏదైనా ప్రోగ్రామ్ మొరాయిస్తే చాలు... 'ముందు ఎస్‌ఈలినక్స్ ఆపెయ్!'

ఏమిటీ ఎస్‌ఈలినక్స్? చేతిలో తాళంచెవి ఉన్నా సరే, 'ఈ ఫ్లాట్‌తో నీకేం పని?' అని నిలదీసే వాచ్‌మన్ లాంటిది. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు ముట్టుకోవచ్చో నిబంధనల ప్రకారం తేలుస్తుంది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ దీన్ని తయారుచేసి 2000లో అందరికీ ఇచ్చేసింది. 2003లో లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో చేరింది.

చిక్కల్లా దాన్ని ఆపే పద్ధతితోనే. సెట్టింగుల ఫైల్లో 'వద్దు' అని రాస్తే, కెర్నెల్ ముందు కావలివాణ్ని నిలబెట్టి, ఆ ఫైలు చదివాక పంపేసేది. ఇలా మధ్యలో తీసేయాలంటే, తనిఖీకి ఎవరిని పిలవాలో రాసుకున్న జాబితా దిద్దడానికి వీలుగా ఉండాలి కదా! మనం దిద్దగలిగింది, కెర్నెల్‌లో లోపం దొరికితే దొంగ కూడా దిద్దగలడు. ఆపాలన్న ఆలోచనే లేనివాళ్లకూ ఆ ముప్పు తప్పేది కాదు.

అందుకే 2020లో కెర్నెల్ నిపుణులు 'ఈ సౌకర్యం పోతుంది' అని ముందే చెప్పారు. అయినా వాడేవాళ్లకు కావాలనే కొన్ని సెకన్ల ఆలస్యం జోడించారు... విసుగొచ్చైనా మానతారని! 2021లో ఫెడోరా 34, 2022లో రెడ్‌హ్యాట్ 9 దాన్ని వదిలేశాయి. చివరికి 2023 జూన్‌లో వచ్చిన లినక్స్ 6.4లో పూర్తిగా తీసేశారు. దాంతో మెషీన్ మొదలవగానే ఆ జాబితాకు సీలు వేసేయొచ్చు.

మరి నిజంగా వద్దనుకుంటే? మెషీన్ మొదలయ్యేటప్పుడే కెర్నెల్‌కు చెప్పాలి. అంతకంటే మంచి దారీ ఉంది. తప్పుల్ని అడ్డుకోకుండా రాసి మాత్రమే పెట్టే 'పర్మిసివ్' పద్ధతిలో కొన్నాళ్లు నడిపి, ఏ అనుమతి తక్కువైందో చూసి అదొక్కటే ఇవ్వడం.

సర్వర్ల గొడవ మనకెందుకు అనుకోవద్దు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఫోన్లలోనూ ఈ కావలి పూర్తిస్థాయిలో పనిచేస్తోంది. ఏదో ఆటల యాప్ మీ బ్యాంకు యాప్ దాచుకున్న సమాచారం జోలికి పోకుండా చూసే కాపలాదారుల్లో ఇదీ ఒకటి!