జీవకణజాల ద్విపత్ర కవాటం: తొలి ఫలితాలను ఎలా అర్థం చేసుకోవాలి?

గత భాగంలో మీరు ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు మధ్య ఉండే ద్విపత్ర కవాటం పనితీరును చదివారు. డాక్టర్లు దీన్నే మిట్రల్ వాల్వ్ అంటారు. అది పాడై, దాని స్థానంలో జంతు కణజాలంతో చేసిన కవాటాన్ని అమర్చినప్పుడు మొదటి నెలరోజుల్లో ఏం జరుగుతుందో, ఆ ఫలితాలు మనకు ఏం చెబుతాయో ఇప్పుడు చూద్దాం.

సూర్యాపేట దగ్గరి చివ్వెంలలో 28 ఏళ్ల మహిళ ఒకరు ఉన్నారనుకోండి. చిన్నతనంలో గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్లవాపుతో జ్వరం వచ్చి తగ్గిపోయాయి. ఇప్పుడు నాట్లు వేస్తుంటే ఆయాసం వస్తోంది. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాపై శరీరం చేసిన పోరాటం ఆమె కవాటాన్నే గాయపరిచింది. పత్రాలు అతుక్కుపోయి, సున్నం పేరుకుని, బెలూన్‌తో విప్పడానికి కూడా వీలులేకుండా గట్టిపడ్డాయి. ఇక కవాటం మార్చాలి.

కృత్రిమ కవాటాలు రెండు రకాలు. లోహం, కార్బన్‌లతో చేసిన యాంత్రిక కవాటం చాలాకాలం మన్నుతుంది కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ వాడాలి. పంది కవాటంతో గానీ, ఆవుజాతి పశువుల గుండె పైపొరతో గానీ చేసేది జీవకణజాల కవాటం. దీనికి సాధారణంగా మొదటి 3 నెలలే వార్ఫరిన్ చాలు. అయితే గుండె లయ తప్పే కర్ణిక కంపనం ఉంటే తర్వాత కూడా కొనసాగించాల్సి వస్తుంది. రుమాటిక్ రోగుల్లో ఇది తరచుగా కనిపించేదే.

శస్త్రచికిత్స జరిగిన 30 రోజులలోపు, లేదా ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేలోపు జరిగేవాటిని తొలి ఫలితాలు అంటారు. మరణం, రక్తస్రావం వల్ల ఛాతీని మళ్లీ తెరవడం, పక్షవాతం, మూత్రపిండాలు దెబ్బతినడం, గుండె తగినంత రక్తాన్ని పంపలేకపోవడం ఇందులోకి వస్తాయి. ఎకో పరీక్షలో కొత్త కవాటానికి ఇరువైపులా ఉన్న పీడన భేదాన్ని కూడా కొలుస్తారు. ఇంటికి పంపేముందు తీసిన ఆ కొలత చాలా విలువైనది. పదేళ్ల తర్వాత అనుమానం వస్తే పోల్చి చూడటానికి ఆధారం అదే.

ఈ తొలి ఫలితాలను కవాటం రకం కంటే రోగి ఏ స్థితిలో శస్త్రచికిత్సకు వచ్చారన్నదే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఊపిరితిత్తుల ధమనుల్లో పీడనం బాగా పెరిగి, కుడి జఠరిక అలసి, కాలేయం ఉబ్బాక వస్తే ముప్పు పెరుగుతుంది. శస్త్రచికిత్సకుడి పద్ధతి కూడా ముఖ్యమే. పాత పత్రాలను జఠరిక గోడకు కట్టి ఉంచే తంతువులను వీలైనంతవరకు నిలిపితే జఠరిక ఆకారం, బలం నిలుస్తాయి. కాబట్టి వేరే దేశంలోని వృద్ధ రోగుల మరణశాతాన్ని తెచ్చి మన చివ్వెంల మహిళకు అన్వయించకండి. విద్యార్థులు తరచూ చేసే పొరపాటు ఇది.

మరో జాగ్రత్త కూడా అవసరం. 1965లో పారిస్‌లో జంతు కవాటాలను మనుషులకు అమర్చినప్పుడు మొదట అవి బాగానే పనిచేశాయి, కొన్నేళ్లలోనే చాలావరకు చెడిపోయాయి. అలెన్ కార్పెంటియర్ 1968 నుంచి గ్లూటరాల్డిహైడ్‌తో శుద్ధిచేసిన కవాటాలను వాడిన తర్వాతే మన్నిక పెరిగింది. ఇప్పటికీ ఇవి వయసు మళ్లినవారిలో 10 నుంచి 15 ఏళ్లు నిలుస్తాయి కానీ యువతలో త్వరగా సున్నం పట్టి గట్టిపడతాయి. 30 రోజుల లెక్కలో ఇది కనిపించదు.

అయితే 28 ఏళ్ల మహిళకు జీవకణజాల కవాటం ఎందుకు? ఆమె పిల్లలను కోరుకుంటే, గర్భం తొలి నెలల్లో వార్ఫరిన్ పిండానికి హాని చేయగలదు. పైగా యాంత్రిక కవాటమైతే రక్తం గడ్డకట్టే సమయాన్ని తెలిపే ఐఎన్ఆర్ పరీక్ష జీవితాంతం చేయించుకుంటూ ఉండాలి. కూలి మానుకుని పదేపదే పట్నం వెళ్లడం అందరికీ సాధ్యం కాదు. అందుకు బదులుగా, మళ్లీ ఒకసారి శస్త్రచికిత్స అవసరమవుతుందని తెలిసే ఆమె ఒప్పుకోవాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదలకు కవాట మార్పిడి అందుబాటులోకి వచ్చింది, కానీ ఈ నిర్ణయం మాత్రం డాక్టరు, రోగి కూర్చుని మాట్లాడుకోవలసిందే.

ఇంటికొచ్చాక మొదటి 3 నెలలు ఐఎన్ఆర్‌ను సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. ఆకుకూరలు మానక్కర్లేదు. తోటకూర, గోంగూర ఒకవారం రోజూ తిని మరోవారం అసలు ముట్టకపోతేనే మందు ప్రభావం అటూఇటూ అవుతుంది. జ్వరం వస్తే సొంతంగా యాంటిబయాటిక్ వేసుకోకుండా ముందు డాక్టరును కలవాలి. కొత్త కవాటానికి సోకిన ఇన్ఫెక్షన్‌ను కనిపెట్టాలంటే మందుకు ముందే రక్తనమూనా తీయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక ఆసుపత్రిలో జీవకణజాల కవాటం అమర్చిన రోగుల్లో 30 రోజుల మరణాలు తక్కువగా ఉన్నాయి. దీన్నిబట్టి 25 ఏళ్ల రోగికి ఆ కవాటమే మేలని చెప్పగలరా? మీ జవాబుకు రెండు కారణాలు రాయండి.