బ్రిడ్జి ఆటలో చేతి విలువ

కోనసీమలో కొబ్బరితోట ఫలసాయమును వేలమునకు పెట్టినప్పుడు పాటదారులు చేయు పని చూడదగినది. వచ్చినవారందరును మొదట చెట్లు లెక్కింతురు. ఆ లెక్క అందరికిని ఒక్కటే. నూరు చెట్లున్నచో నూరే. కాని ఆ లెక్కతో తృప్తిపడి పాడువాడు ఆ యేడు నష్టపడును. తెలిసినవాడు తలయెత్తి గెలలు చూచును. పిందె నిలిచినదో రాలినదో చూచును. కాలువ నీరు తోటలో ఏ మూలవరకు అందుచున్నదో అడుగును. దింపు కూలి, ఒలుపు కూలి, అంబాజీపేట మార్కెట్టుకు బండి కిరాయి మనసులో వేసికొనును. ప్రక్కవాడు ఎంత ధైర్యముతో పాడుచున్నాడో చెవియొగ్గి వినును. అటుపిమ్మట తన మాట చెప్పును.

ధర చెప్పుటను మనము పాట అందుము. బ్రిడ్జి అను పేకాటలో ముక్కలు వేయుటకు ముందు జరుగు బేరమును కూడ పాటయనియే పిలుచుట మాకు మిక్కిలి సమంజసముగా తోచును. రెండింటను చిక్కు ఒక్కటే: కంటికి కనబడు లెక్క ఎంతవరకు నమ్మదగినది? ఈ వ్యాసములో మేము విచారింపదలచినది ఆ ప్రశ్ననే.

ఆట తెలియనివారికై రెండు మాటలు. నలుగురు ఆటగాండ్రు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిద్దరు ఒక జత. ఒక్కొక్కరికి 13 ముక్కలు. నలుగురును తలకొక ముక్క వేయగా, పెద్ద ముక్కగాని తురుపుగాని వేసినవారికి ఒక పట్టు వచ్చును. మొత్తము 13 పట్టులు. ఆటకు ముందు ప్రతి జతయు, ఫలాని రంగు తురుపుగా ఇన్ని పట్టులు తీయగలమని పాడును. చెప్పిన సంఖ్యకు ఆరు కలుపవలెను. ‘నాలుగు ఇస్పేటులు’ అనగా ఇస్పేటు తురుపుగా పది పట్టులన్నమాట. చెప్పినన్ని తీసినవారికి లాభము, తక్కువైనవారికి దండుగ. 1925లో అమెరికనుడైన హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఒక ఓడ ప్రయాణములో స్కోరు పద్ధతిని సంస్కరించి, పాడిన పాటకే పెద్ద బహుమానము దక్కునట్లు చేసెను. నాటినుండి ముక్కలు వేయు నేర్పుతోపాటు పాట పాడు నేర్పునకును గౌరవము హెచ్చినది.

చేతిని తూచుటకు నేడు లోకమంతటను వాడుకలోనున్న కొలత సులభమైనది. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పేకయంతటను ఇట్టి పాయింట్లు 40. మిల్టన్ వర్క్ ఈ కొలతను ప్రచారములోనికి తేగా, 1940ల చివర చార్లెస్ గోరెన్ దానికి రంగుల పంపకపు విలువ కూడ చేర్చి ఇంటింటికిని అందించెను. ఒక చేత 12, 13 పాయింట్లున్నచో పాట ఆరంభింపవచ్చును. జతలో ఇద్దరికిని కలిసి సుమారు 26 ఉన్నచో గేము, 33 ఉన్నచో పన్నెండు పట్టుల స్లామ్ ఆశింపవచ్చును. నేర్చుకొనువారికి ఇది చక్కని ఊతకఱ్ఱ. కాని ఊతకఱ్ఱ దారి చూపదు.

ఈ సంగతి మాకు పుస్తకమువలన గాక పరాభవమువలన తెలిసినది. కొన్నేండ్ల క్రిందట సంక్రాంతి పండుగకు కొత్తపేట ప్రాంతమున బంధువులయింట నలుగురము అరుగుమీద పేక వేసికొని కూర్చుంటిమి. పందెము లేదు. మాకు జత మా బావగారు. మా చేతికి వచ్చిన ముక్కలివి:

ఇస్పేటు: ఆసు, రాజు, 10, 9, 5
ఆఠీను: 7
డైమను: రాజు, రాణి, 8, 4
కళావరు: 10, 6, 2

పాయింట్లు పన్నెండు. మేము ‘ఒక ఇస్పేటు’ అంటిమి. బావగారు ‘రెండు ఇస్పేటులు’ అనిరి. అనగా ఆయనవద్ద ఆ రంగులో ఊతము కలదు, చేయి సామాన్యము, సుమారు ఆరు మొదలు పది పాయింట్లు. మాకు ఉత్సాహము పట్టలేదు. ‘నాలుగు ఇస్పేటులు’ అని ఒక్క గంతు వేసితిమి. ప్రత్యర్థి కళావరుతో ఆట మొదలుపెట్టెను. బావగారు తన ముక్కలు బల్లపై పరచిరి:

ఇస్పేటు: రాణి, 8, 6, 2
ఆఠీను: రాజు, రాణి, జాకీ
డైమను: జాకీ, 7, 3
కళావరు: జాకీ, 7, 5

కళావరులో ఆసు, రాజు, రాణి మూడును ప్రత్యర్థులవే. మూడు పట్టులు వరుసగా పోయినవి. పిమ్మట డైమను ఆసు, ఆఠీను ఆసు. పది పాడి ఎనిమిది తీసితిమి. ‘పది పాయింట్లుంచుకొని ఇదేమి చేయి బావగారూ’ అని మేము నిష్ఠూరమాడితిమి. ఆయన పేక క్రింద పెట్టిరి. భోజనాలవేళవరకు ఇద్దరికిని మాటలు లేవు.

ఆ ఇంటి పెద్దాయన, ఉద్యోగము చాలించిన ఉపాధ్యాయులు, అంతయు చూచుచునే యుండిరి. భోజనములైన తరువాత ఒక కాగితముపై మరియొక చేయి వ్రాసి మా చేతికిచ్చిరి:

ఇస్పేటు: రాణి, 8, 6, 2
ఆఠీను: 8, 6, 4
డైమను: ఆసు, 7, 3
కళావరు: ఆసు, 7, 5

‘ఇదిన్నీ పది పాయింట్లేనండి. ఇవి బావగారి చేతిలో ఉంటే ఏమవును?’ అని అడిగిరి. లెక్క వేసితిమి. ఆఠీనులో ఒకటి, కళావరులో రెండు, అంతే పోవును. మా చేతిలోని నాలుగవ డైమనును అవతలి చేతి తురుపుతో కోయవచ్చును. పంపకము మరీ వంకరగా లేనిచో పది పట్టులు నిక్కము. ‘చూశారా! రెంటికీ పన్నెండూ పదీ ఇరవై రెండే. ఒక చేయి గట్టెక్కించింది, ఒక చేయి ముంచింది. తప్పు బావగారిది కాదండి. మీరు అడగలేదు.’

ఆ ‘అడగలేదు’ అన్న మాటలోనే బ్రిడ్జి పాటయొక్క మర్మమంతయు ఇమిడియున్నది. మాకు ఆఠీను ఒక్క ముక్కయే. కాబట్టి ఆ రంగులో బావగారికున్న రాజు, రాణి, జాకీ ఆరు పాయింట్లయినను మాకు కొరగానివి. కళావరు పోకుండ ఆపుటకు అవి సమయమునకు అందలేదు. మాకు లోటున్నచోట ఆసు పడినచో నాలుగు పాయింట్లే పదింటి పని చేయును. ఎండిన మూలకు పారిన తడియే తడి. చెరువులో పోసిన నీరు లెక్కకు మాత్రమే నీరు.

అడుగు విధానము కూడ పెద్దాయన చెప్పిరి. రెండు ఇస్పేటులు వినిన వెంటనే నాలుగనక, మేము ‘మూడు కళావరులు’ అనవలసినది. తురుపు నిర్ణయమైన పిమ్మట ఇట్లు మరియొక రంగు పాడుట, ‘ఈ రంగులో నాకు లోటున్నది, మీవద్ద సాయముండునా?’ అని జతగానిని అడుగుట. కళావరు ఆసున్న చేయి సంతోషముతో నాలుగు ఇస్పేటులు పాడును. జాకీ, 7, 5 ఉన్న చేయి తన పది పాయింట్లకు మురియక మూడు ఇస్పేటులతో ఆగును. అప్పుడును ఒక పట్టు తక్కువ కావచ్చుననుట నిజమే. కాని రెండు పోవుటకంటె ఒకటి పోవుట నయము. ముఖ్యముగా నిర్ణయము ఒక్కరిది గాక ఇద్దరిదియగును.

దీనినిబట్టి చేతి విలువ పంచిననాటి విలువ కాదనియు, వినిన ప్రతి పాటతోను అది పెరుగుట తరుగుట కలదనియు గ్రహింపవలెను. జతగాడు మన పొడవైన రంగును బలపరచినచో, మనకు ఒంటి ముక్కయున్న రంగు ఆస్తియగును. దానిని తురుపుతో కోయవచ్చును. మన లోటు రంగులనే జతగాడు పదేపదే పాడుచున్నచో ఆ ఒంటి ముక్కయే అప్పగును. అట్టివేళ పాయింట్లెన్నియున్నను త్వరగా ఆగుట వివేకము. ప్రత్యర్థుల మాటయు వినవలెను. మనకు ఒక రంగులో రాజున్నది. మనకు వెంటనే తరువాత ముక్క వేయువాడు ఆ రంగును పాడెను. ఆసు ఆయనవద్దనే యుండుట సహజము, మన రాజు చిక్కిపోయెను. మనకు ముందు వేయువాడు పాడినచో అదే రాజునకు బలము వచ్చును. ముక్క మారలేదు, దానినిగూర్చి మన ఎఱుక మారినది.

మరి సాహసము ఎప్పుడు చేయవలెను? దీనికి స్కోరు కాగితమే సమాధానము. మొదటి దశలో నాలుగు ఇస్పేటులు పాడి తీసినచో 420. మూడే పాడి పది తీసినచో 170. లాభము 250. నాలుగు పాడి తొమ్మిదే తీసినచో 50 దండుగ, మూడు పాడియుండినచో 140 వచ్చెడిది, నష్టము 190. ఈ రెంటిని తూచినచో నూటికి సుమారు 43 పాళ్లు గెలుపు నమ్మకమున్న గేము పాడదగినదని తేలును. అనగా సగమునకు తక్కువ ఆశయైనను చాలును. పిరికిపాట వివేకము కాదు.

అయినను ఎంత చక్కగా తూచినను పంపకము మన చేత లేదు. ఒక ఆటగానికి రాగల చేతుల సంఖ్య 6,35,01,35,59,600. మన జతకు ఎనిమిది తురుపులున్నచో మిగిలిన ఐదును ప్రత్యర్థులకు మూడు-రెండుగా పడుట నూటికి 68 మార్లు. నాలుగు-ఒకటిగా 28 మార్లు. ఆ 28లో మనము చిక్కుకొన్ననాడు పాట తప్పని యనుకొనరాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానులో కోనసీమ కొబ్బరితోటలు లక్షలుగా నేలకొరిగినవి. ఆ యేడు తోట పాడుకొన్నవాడు గెలలు చూడనివాడని ఎవరనగలరు? ఫలితమును చూచి తీర్పును నిందింపరాదు. తీర్పు చేసిననాడు తెలిసినదేమో చూచి నిర్ణయింపవలెను.

అదృష్టమును నేర్పును వేరుచేయుటలో న్యాయస్థానమును ఒక మాట చెప్పియున్నది. సికిందరాబాదులోని యొక క్లబ్బులో రమ్మీ ఆడుటనుగూర్చి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు జరిగిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1967లో తీర్పు నిచ్చినది. దానిని వ్రాసినవారు జస్టిస్ హిదయతుల్లా. రమ్మీ ప్రధానముగా నేర్పుగల ఆటయని నిర్ణయించుచు, అందలి అదృష్టము బ్రిడ్జిలో ముక్కలు పంచుటలోని అదృష్టమువంటిదేయని వారు పోల్చిరి. పంచువరకే దైవము, పిమ్మట మనుష్యుడు. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో బ్రిడ్జి తొలిసారి చోటు పొందగా, ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ అను భారతీయ జత పురుషుల జంటల పోటీలో స్వర్ణపతకము గెలుచుకొనెను. అప్పటికి వారు యువకులు కారు. ఒకరికి 60, మరియొకరికి 56 ఏండ్లు. కండబలము తగ్గినను జతగాని మాట వినుట తగ్గదనుటకు ఇది నిదర్శనము.

ఇంటిలో నలుగురు కూర్చుండి ఈ ఆట నేర్చుకొనగోరువారికి మా మనవి ఇది. మొదట పాయింట్లు లెక్కింపుడు, అది విడువరాదు. ప్రతి పాట వినిన తరువాత మరల ఒక్క క్షణము ఆగి, ‘ఇప్పుడు నా చేయి పెరిగినదా, తరిగినదా’ అని ప్రశ్నించుకొనుడు. సందేహమున్నచోట గంతు వేయక జతగానిని అడుగుడు. ఓడిన పిమ్మట మాత్రము జతగాని పాయింట్లు లెక్కింపకుడు.

ఆ సాయంకాలము మేము బావగారియొద్దకు పోయి, ‘ఇంకొక చేయి వేతుమా?’ అంటిమి. ఆయన పేక కలుపుచు, ‘ఆయ్, వేద్దామండి. ఈసారి అడిగి పాడండి’ అనిరి.