చూలాలిని గూర్చిన మాటలు: అపోహలు, వాస్తవములు

గర్భము, గర్భిణి అను సంస్కృతపదములే మర్యాదకరములనియు, కడుపు, చూలు అను తెలుగుపదములు మోటువనియు చదువుకొన్నవారిలో ఒక అపోహ బలముగా పాతుకొనియున్నది. కురబలకోట ఇంటిలో ‘మా కోడలు కడుపుతో ఉండాది’ అని పొంగిపోయి చెప్పుకొను అత్తగారు, మదనపల్లె ఆసుపత్రి మెట్లెక్కగనే ఆ మాటను మ్రింగి ‘ప్రెగ్నెంటు’ అని తడబడుటకు ఈ అపోహయే కారణము. గర్భమనగా లోపల నిలిచియున్నది. గర్భగుడి, భూగర్భము అను పదములయందున్నది ఆ అర్థమే. కడుపు అంతకంటె తక్కువ మాట కాదు. కడుపుతీపి యనునది తల్లిప్రేమకు తెలుగువారు పెట్టుకొన్న పేరు. అవమానము నామమునందు లేదు, దానికి తగిలించు క్రియయందున్నది: ‘కడుపు పండినది’ అన్న దీవెన, ‘కడుపు తెచ్చుకొన్నది’ అన్న నింద, పురుషుని మఱుగుపఱచి భారమంతయు స్త్రీపై మోపునది ఈ రెండవ క్రియయే.

చూలు కావ్యములకే చెల్లిన మాట యనుటయు సరికాదు. తెలుగు, తమిళము, కన్నడము కలిసి పలుకు కుప్పము సీమలో దాని తోబుట్టువులు వినవచ్చును. తమిళులు వానను మోసికొనివచ్చు మేఘమునకును ‘సూల్’ కలదందురు, కన్నడమున ‘సూలు’ అనగా కాన్పు. ఆ సీమయందే మఱియొక తగవు పుట్టుచుండును: తెలుగువారు నవమాసములు మోసితిమందురు, తమిళులు పది నెలలందురు. ఇందెవరిదియు పొరపాటు కాదు. కడపటి ఋతువు మొదటి దినమునుండి వైద్యులు లెక్కించు 280 దినములు ఇరువదెనిమిది దినముల నెలలు పది యగును. కేలెండరు నెలలైనచో తొమ్మిదియు, ఇంచుమించు ఒక వారమును.

సీమంతమనగా గాజులు తొడిగి, చీర పెట్టి, విందు చేయుట మాత్రమే యనుకొనువారు పెక్కురు. సీమ, అంతము అను పదములు కలిసి ఎల్లయను అర్థమున సీమాంతమగును. పాపట యను అర్థమున మాత్రము దీర్ఘము రాక సీమంతమగును. సీమంతోన్నయనమనగా పాపటను పైకి తీయుట. గృహ్యసూత్రములు ఆ పనిని భర్తకే విధించినవి, అతడు ఏదుపంది ముల్లుతో భార్య పాపటను స్వయముగా తీయవలెను. పేరంటాండ్రు నిండిన నేటి వేడుకలో అతడు ఫోటోకు మాత్రమే పిలువబడుట ఆ సంస్కారమునకు జరిగిన లోపమని నా తలంపు.

ఇక గొడ్రాలు. చిన్నయసూరి బాలవ్యాకరణమున, ‘ఆలు’ చేరి పేదరాలు వంటి రూపములనిచ్చు పేదాదిశబ్దములలో బాలెంతయు, గొడ్డును ఒక్క వరుసలోనే యున్నవి. వ్యాకరణమునకు రెండును సమానమే. లోకమునకు మాత్రము బాలెంతరాలు పూజ్యురాలు, గొడ్డురాలు అశుభము. ఈనని పశువును గూర్చిన మాటను మనిషికంటగట్టుట ఎంత క్రూరమో, సంతానలేమి ఆడుదాని దోషమే యనుకొనుట అంత అసత్యము. కారణము పురుషునియందు ఉండవచ్చును, స్త్రీయందు ఉండవచ్చును, ఇరువురియందును ఉండవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెల్లడించిన అంచనా ప్రకారము పెద్దలలో ఇంచుమించు ఆరుగురిలో ఒకరికి జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇక్కట్టు కలుగుచున్నది. కావున పాఠకులారా, గొడ్రాలను మాటను మీ ఇంట వినబడనీయకుడు. సీమంతపు పిలుపుతో వెళ్లునపుడు పిల్లలు లేని ఆమె వాకిటను దాటిపోక, అక్కా యనియో చిన్నమ్మా యనియో వరుసతో పిలిచి, మొదటి బొట్టు ఆమెకే పెట్టి రండు.