వంటింటి గోడ మీద కేసు షీటు

ముసలి కుక్క ఇల్లు పాడు చేస్తుంటే ‘వయసైపోయింది’ అని సరిపెట్టుకోవద్దు. విజయవాడలో ఒక ఇంటి క్యాలెండర్ చెప్పిన సంగతులివి.

వయసు మళ్లిన పెంపుడు కుక్కల మీద ముఖచిత్ర కథనం కావాలని, శుక్రవారం సాయంత్రానికల్లా అందాలని ఎడిటర్ గారు చెప్పారు. కొత్త మందులు, నడవలేని కుక్కలకు చక్రాల బళ్లు, అపార్ట్‌మెంట్ గొడవలు... ఆమె ఇచ్చిన జాబితా పెద్దదే. అందులో కొన్ని చివర బాక్సుల్లో చదవండి. మిగతా చోటంతా సత్యనారాయణపురంలో ఒక రిటైర్డ్ టీచరు గారి వంటింట్లో మేకుకు వేలాడుతున్న తెలుగు క్యాలెండర్‌కే ఇస్తున్నాను. ఈ విషయం మీద నేను చదివిన కాగితాల్లో అంత సూటిగా మాట్లాడింది ఇంకోటి లేదు.

తిథి, వర్జ్యం అచ్చేసిన గడుల్లో అందరిళ్లలో లాగే పాల లెక్క ఉంది, గ్యాస్ బండ మార్చిన తేదీ ఉంది. జూన్ రెండో వారం నుంచి వాటి పక్కన ఎర్ర బాల్‌పెన్నుతో ‘జూ’ అన్న అక్షరం మొదలవుతుంది. జూ అంటే జూలీ. 13 ఏళ్ల ఆడ లాబ్రడార్, బరువు 28 కిలోలు. రెండో ఏటనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. కూనగా ఉన్నప్పుడు తప్ప ఇంట్లో ఏనాడూ పాసు పోయని జూలీ, ఆ వారం సోఫా పక్కన మడుగు కట్టించింది.

‘జూ. హాలు, తె. 4.’

‘జూ. పక్క తడి. నిద్రలోనే. దానికి తెలీదు.’

‘జూ. గుమ్మం దగ్గర. నన్ను చూసి తల దించుకుంది.’

‘జూ. నీళ్ల గిన్నె మళ్లీ నింపా.’

టీచరు గారి భర్త లెక్కల మాస్టారు. నిద్ర చెడి, ఒక తెల్లవారుజామున పేపరు చుట్టి జూలీని బెదిరించారట. అది వణికిపోయి నిలబడ్డచోటే మళ్లీ పోసేసింది. ఆ రోజు గడిలో ఉన్నది ఒకటే వాక్యం: ‘ఇక ఎవరూ తిట్టకూడదు. ఇద్దరికీ చెప్పా.’ ఇద్దరంటే మాస్టారు, పనమ్మాయి.

మొదట చూపించిన చోట ‘వయసు కదండీ’ అని పంపేశారు. ఈ మాట మీదే నా కోపమంతా. మనిషికైతే కీళ్ల నొప్పులు, చక్కెర జబ్బు, కిడ్నీ జబ్బు అని దేనికి దానికి పేరు పెట్టి మందిస్తాం. కుక్కకొచ్చేసరికి అన్నిటికీ కలిపి వయసొక్కటే జబ్బా?

రెండో డాక్టరు గారు అలా అనలేదు. ఎప్పటి నుంచి అని ఆయన అడిగితే టీచరు గారు ఫోన్‌లో క్యాలెండర్ ఫొటో చూపించారు. ‘ఫొటో కాదమ్మా, రేపు అసలుదే పట్టుకురండి’ అన్నారట. మర్నాడు దాన్ని బల్ల మీద పరిచి, పెన్సిలుతో ఎర్ర అక్షరాలను గుంపులుగా విడదీశారు. ఆ పెన్సిలు గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

‘పక్క తడి’ ఒక గుంపు. ఆపరేషన్ అయిన ఆడ కుక్కల్లో కొన్నిటికి, కొన్నేళ్ల తర్వాతైనా సరే, మూత్రాన్ని పట్టి ఉంచే కండరం సడలుతుంది. వాషర్ అరిగిన కుళాయిలా, పడుకున్నప్పుడు తెలియకుండానే కారుతుంది. దీనికి మందులున్నాయి, చాలా కుక్కల్లో బాగా పనిచేస్తాయి. ‘గుమ్మం దగ్గర’ వేరే గుంపు. అక్కడిదాకా వెళ్లిందంటే బయటికి పోవాలన్న తెలివి ఉన్నట్టే. కాళ్లు సాగక ఆలస్యమైనా అయి ఉండాలి, ఆపుకోలేనంత మూత్రమైనా వస్తుండాలి.

మూడో గుంపు నీళ్లు. డాక్టరు గారు అడిగినట్టే టీచరు గారు లీటరు మగ్గుతో కొలిచి పోయడం మొదలుపెట్టారు. రోజు చివర గిన్నెలో మిగిలింది తీసేసి లెక్క రాశారు. 28 కిలోల కుక్క మామూలుగా రోజుకు లీటరున్నర లోపు తాగుతుంది. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే జూలీకి 2.8 లీటర్లు దాటితే, లోపల ఏదో జబ్బున్నట్టే. ఆగస్టు మూడో వారం గడుల్లో వరసగా ‘3 లీ.’, ‘3 లీ. పైనే’ అని ఉంది. ఇంత దాహానికి కిడ్నీలు, మధుమేహం, అడ్రినల్ గ్రంథి అతిగా పనిచేయడం, దేనికో వాడుతున్న స్టిరాయిడ్ మాత్రలు, ఏదైనా కారణం కావచ్చు. ఆపరేషన్ కాని ఆడ కుక్కల్లో గర్భసంచిలో చీము పట్టినా ఇలాగే తాగుతాయి. అది ప్రాణాల మీదికి తెస్తుంది.

హాలు తడవకుండా ఉంటుందని అప్పటికే మాస్టారు రాత్రి 7 దాటితే గిన్నె తీసేస్తున్నారు. డాక్టరు గారు మొట్టమొదట మాన్పించింది అదే. ఎక్కువ తాగుతోంది కాబట్టి ఎక్కువ పోస్తోందని మనం అనుకుంటాం. కిడ్నీ జబ్బులో జరిగేది తలకిందులు. ఒంట్లో నీరు నిలవక పోతోంది, అందుకే తాగుతోంది. గిన్నె తీసేస్తే ఆ జీవి లోపల ఎండిపోతుంది.

‘గరిటెతో పట్టా. సీసాలో పోశా. 7-20.’ ఇది పరీక్ష రోజు గడి. పొడుగు కాడ స్టీలు గరిటె వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, జూలీ కూర్చున్నాక మొదటి ధార వదిలేసి మెల్లగా కిందికి జాపారు. ఉలిక్కిపడి లేచిపోతుందేమోనని మాస్టారు ముందు నిలబడి మాటల్లో పెట్టారట. మూత్రం నీళ్లలా పలచగా ఉంది, చీము కణాలున్నాయి. రక్తంలో క్రియాటినిన్ పెరిగింది. అంటే కిడ్నీ జబ్బు, పైన ఇన్‌ఫెక్షన్.

ఇక్కడే క్యాలెండర్ మీద నా గౌరవం రెట్టింపైంది. కిడ్నీల పనిలో సుమారు మూడింట రెండొంతులు దెబ్బతినగానే మూత్రం పలచనై దాహం పెరుగుతుంది. రక్త పరీక్షలో క్రియాటినిన్ పైకి కనిపించేసరికి సుమారు నాలుగింట మూడొంతులు పోయి ఉంటాయి. గిన్నె సంగతి రక్తం కన్నా ముందే తెలిసిపోతుంది. టీచరు గారి క్యాలెండర్‌లో ‘నీళ్లు’ అన్న మాట జూన్‌లోనే ఉంది.

మూత్రం కల్చర్ చేయించి సరిపడే యాంటిబయాటిక్ ఇచ్చారు. భాస్వరం తక్కువుండే తిండి పెట్టమన్నారు, ఎముకలు ఆపించారు. కీళ్ల నొప్పికి మామూలుగా ఇచ్చే మాత్రలు ఈ కిడ్నీలకు పడవని మరో దారి చూశారు. ఇంట్లో నున్నటి టైల్స్ మీద పడక నుంచి గుమ్మం దాకా రబ్బరు పట్టాలు పరిచారు. రాత్రి 11కి ఒకసారి, తెల్లవారుజామున 4కి ఒకసారి లిఫ్టులో కిందికి. సెప్టెంబరు చివరికి ఎర్ర అక్షరాలు సగానికి తగ్గాయి.

అక్టోబరులో మరో రకం రాతలు కనిపిస్తాయి.

‘రా. 2. మూల చూస్తూ నిలబడింది. పిలిస్తే పలకలేదు.’

‘తలుపు తెరుచుకునే వైపు కాదు, బందుల వైపు నిలబడింది.’

‘కింద ఊరికే తిరిగింది. పైకొచ్చాక హాల్లో.’

కుక్కకూ మతిమరుపు జబ్బు వస్తుంది. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీనే ముసలి కుక్కల మెదడులోనూ పేరుకుంటుంది. 2001లో కాలిఫోర్నియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో 11-12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15-16 ఏళ్ల కుక్కల్లో 68 శాతానికి కనీసం ఒక లక్షణం కనిపించింది: దారి తప్పడం, మనుషులతో తీరు మారడం, రాత్రి పగలు తారుమారు కావడం, ఇంట్లోనే పోయడం. సెలిజిలిన్ అనే మందుకు అమెరికాలో 1998లో అనుమతి ఇచ్చారు. అది జబ్బును పోగొట్టదు, కొన్నిటికి తెరిపినిస్తుంది. మిగతా జబ్బులన్నీ లేవని తేల్చుకున్నాకే ఈ పేరు పెట్టాలని డాక్టరు గారి పట్టుదల. హాల్లో చిన్న దీపం వెలిగించి ఉంచమన్నారు, సోఫా జరపొద్దన్నారు, అన్నీ రోజూ ఒకే వేళకు జరగాలన్నారు.

చరిత్ర రెండు ముక్కల్లో. కుక్క మనిషి పంచన చేరి కనీసం 15,000 ఏళ్లు. మన ఊళ్లలో దాని చోటు వాకిలి, అరుగు, గడ్డివాము. అక్కడ ఎవరూ పాసు లెక్క పెట్టలేదు. ఆ తర్వాత అది మేడలెక్కింది. 1994లో ‘హమ్ ఆప్‌కే హై కౌన్’లో టఫీని చూసి పమేరియన్లను, సెల్‌ఫోన్ ప్రకటన చూసి పగ్‌లను ఇళ్లకు తెచ్చుకున్నాం. టీకాలు, మంచి తిండి వాటి ఆయుష్షు పెంచాయి. ముసలితనానికి మాత్రం మన ఫ్లాట్లలో ఇంకా చోటు పెట్టలేదు.

నవంబరు గడుల్లో పచ్చ చుక్కలున్నాయి. తనంతట తాను లేచి వచ్చి, ఇష్టంగా తిని, తోక ఊపిన రోజుకు ఒక పచ్చ చుక్క. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ ఇలాంటి దానికే మార్కుల పట్టిక తయారుచేశారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులెక్కువా అనే ఏడింటికి పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే సాగనివ్వొచ్చని లెక్క. నాకా మార్కుల మీద పెద్ద నమ్మకం లేదు. రాత్రంతా నేల తుడిచిన చెయ్యి పొద్దున వేసే మార్కు వేరు, హాయిగా నిద్రపోయి లేచిన చెయ్యి వేసేది వేరు. నెల రోజుల చుక్కల్ని అలా మార్చలేం.

బాధ లేకుండా ఇంజెక్షన్‌తో సాగనంపడం గురించి కూడా డాక్టరు గారు దాచకుండా చెప్పారు. మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇస్తారు. ముందు స్పృహ పోతుంది, తర్వాతే ఊపిరి, గుండె ఆగుతాయి. మాస్టారు ‘ఆ మాట ఇప్పుడొద్దు’ అని లేచి బాల్కనీలోకి వెళ్లారు. టీచరు గారు నాతో అన్నది ఇది: ‘ఎర్రవి ఎన్నున్నా తుడుస్తానండీ. వారం పాటు పచ్చది ఒక్కటి కూడా లేకపోతే నేనే ఆయనకి చెప్తా.’

బాక్స్: తుడవడం, తొడగడం
ముందు పాత గుడ్డతో అద్ది పీల్చేయాలి, రుద్దకూడదు. తర్వాత పెంపుడు జంతువుల మూత్రం కోసమే అమ్మే ఎంజైమ్ ద్రావణం వాడాలి. ఫినాయిల్ వాసన మన ముక్కుకు కప్పెడుతుందేమో గానీ కుక్క ముక్కుకు కప్పెట్టదు. అమ్మోనియా ఉన్నవి అసలే వద్దు, అదీ మూత్రం వాసనే. డైపర్ తొడిగితే తరచూ మార్చి, ఒళ్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. లేకపోతే చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది.

బాక్స్: మన మాత్రలు వద్దు
కుంటుతోంది కదా అని పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వేయకండి. కడుపులో పుండ్లు, కిడ్నీ, కాలేయ నష్టం, చావు దాకా వెళ్లొచ్చు.

బాక్స్: చట్టం
తిండీ నీరూ లేక అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ముసలి కుక్కను కారెక్కించి ఊరి చివర దింపేసే వాళ్లను ఈ మొత్తం ఆపలేదు. దీన్ని వేలల్లోకి పెంచాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కనివ్వమని నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. కీళ్లు పట్టేసిన కుక్కను మెట్ల మీద నడిపించమని సంఘం పట్టుబడితే, ఆ కాగితం ప్రింటు తీసి సెక్రటరీ గారికి ఇవ్వండి.