మొలక ధాన్యము: పేల్ ఏల్ తయారీ నుండి తైదల మాల్టు వరకు

రామగుండం, గోదావరిఖని పరిసర గ్రామముల రైతు యువకులు కొందరు, “ధాన్యముతో ఇంటి వద్దనే బీరు తయారగునట గదా! మన తైదలతోను, జొన్నలతోను ఆ పని సాధ్యమగునా?” అని అడుగుచుందురు. లైసెన్సు లేక మద్యము తయారుచేయుట 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము నేరము. కనుక ఆ పనికి ఎవరును పూనుకొనరాదు. అయినను ఆ విద్యలో తొలి సగము మద్యము కానే కాదు. ధాన్యమును మొలకెత్తించి, అందలి పిండిని తీపిగా మార్చుట మాత్రమే. ఈ సగము తెలిసిన ఇంట పసిబిడ్డకు మంచి ఆహారము దొరకును.

మొలకలో జరుగునది

గింజలోని పిండి, మొలక కొరకు దాచియుంచిన సద్దిమూట వంటిది. నీరు తగిలి మొలక లేచునప్పుడు గింజలో ఎంజైములు పుట్టి ఆ పిండిని చక్కెరగా విడగొట్టును. మొలక కొద్దిగా రాగానే ఎండబెట్టినచో పెరుగుదల ఆగును గాని ఎంజైములు నిలిచియుండును. ఇదియే మాల్టు. వేడి మితిమీరినచో ఎంజైములు నశించును.

బొగ్గుకును పేల్ ఏల్‌కును గల సంబంధము

పూర్వము ఇంగ్లండులో బార్లీ మాల్టును కట్టెల మంటపై ఆరబెట్టగా, అది నల్లబడి పొగవాసన కొట్టెడిది. రాక్షసి బొగ్గు వాడినచో వాసన మరింత చెడ్డది. 17వ శతాబ్దములో డెర్బీషైర్ ప్రాంతమున బొగ్గును ముందుగా కాల్చి, పొగ పోగొట్టి, కోకుగా మార్చి వాడిరి. అంతట మాల్టు లేతరంగున వచ్చెను. ‘పేల్’ అనగా లేతరంగు. ‘ఏల్’ ఒక రకపు బీరు.

అమెరికా పద్ధతిలో సుమారు 20 లీటర్ల బీరునకు 5 కిలోల బార్లీ మాల్టును బరకగా నలిపి, 65 నుండి 67 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల 15 లీటర్ల నీటిలో ఒక గంట నాననిత్తురు. పిండి చక్కెరగా మారును. ఆ తీపి నీటిని వడగట్టి, గింజలను మరికొంత వేడినీటితో కడిగి, ‘హాప్స్’ అను తీగజాతి మొక్క పూలతో గంటసేపు మరిగింతురు. మొదట వేసిన పూలు చేదును, చివర వేసినవి వాసనను ఇచ్చును. పిమ్మట చల్లార్చి, ఈస్టు కలిపి, సుమారు 20 డిగ్రీల చల్లదనమున రెండు వారములు పులియబెట్టుదురు. ఈ పూలలో ‘కాస్కేడ్’ రకము అమెరికా వ్యవసాయ శాఖవారు ఆరెగాన్‌లో 1956 నుండి పరిశోధించి 1972లో విడుదల చేసినది. 1980లో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కంపెనీ తన పేల్ ఏల్‌లో దీనిని వాడగా, ఆ రకపు బీరు ప్రసిద్ధికెక్కెను.

మన ఇంట తైదల మాల్టు

మన అవసరమునకు రాగులు, అనగా తైదలు, శ్రేష్ఠము. కిలో తైదలను రాళ్లు, మట్టి లేకుండ కడిగి, 12 గంటలు నానవేసి, మధ్యలో ఒకసారి నీరు మార్చవలెను. నీరు వార్చి తడిగుడ్డలో మూటకట్టి, అప్పుడప్పుడు నీరు చిలకరించవలెను. ఒకటి రెండు రోజులలో రెండు మూడు మిల్లీమీటర్ల మొలక వచ్చును. పుల్లవాసన గాని, బూజు గాని కనిపించినచో పారవేయవలెను. మన వైపు వేసవి ఎండలలో ఈ పని చెడును; కార్తీకము నుండి మాఘము వరకు అనుకూలము.

మొలకలను శుభ్రమైన గుడ్డపై లేత ఎండలో గలగలలాడునట్లు ఆరబెట్టి, చేతులతో నలిపి, మొలకలు రాల్చి చెరిగి, పిండి పట్టించవలెను. బొగ్గు పొయ్యిపై ఎన్నడును ఆరబెట్టరాదు. పొగ, మసి గింజకు పట్టును. ఇంగ్లండువారు మూడు వందల ఏండ్ల క్రిందట నేర్చిన పాఠము మన బొగ్గుబావుల ప్రాంతమునకే ఎక్కువ అవసరము.

జొన్నలతో జాగ్రత్త

నాము మేసిన పశువులు చనిపోవుట రైతులెరిగినదే. ఆ విషమునకు మూలమైన పదార్థమే జొన్న మొలకలలోను, వేళ్లలోను ఉండును. కావున జొన్నలను మొలకెత్తించి అట్లే తినరాదు. పసిపిల్లలకు అసలే పెట్టరాదు.

పసిబిడ్డకు ఉపయోగము

ఆరు నెలలు దాటిన బిడ్డ చిక్కని జావ మింగలేదని తల్లులు నీరు ఎక్కువ పోయుదురు. కడుపు నిండును గాని బలము చాలదు. చిక్కగా కాచిన జావను దించి, కొద్దిగా వేడి తగ్గిన పిదప, గిన్నెకు ఒక చిన్న చెంచా వేయించని మాల్టు పిండి కలిపి పది నిమిషములు ఉంచవలెను. నీరు పోయకుండగనే జావ పలుచబడును. పిమ్మట మరల ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పెట్టవలెను. మాల్టును వేయించినచో రుచి పెరుగును గాని ఎంజైములు నశించి జావ పలుచబడదు. కనుక పెద్దల అంబలికి వేయించినది, బిడ్డ జావకు వేయించనిది వేరువేరు డబ్బాలలో ఉంచుకొనవలెను.

బీరు కాచువాని పాత్రలోను, తల్లి గిన్నెలోను జరుగు మార్పు ఒక్కటియే. ఈ చలికాలమున ఒక కిలో తైదలతో ప్రయత్నించి చూడుడు.