కొలంబస్ పెరుగుదల – క్లీవ్‌లాండు తరుగుదల

అమెరికా సంయుక్తరాష్ట్రములలో పదియేండ్ల కొకసారి జరుగు జనాభా లెక్కలలో ఒహాయో రాష్ట్రమునకు సంబంధించిన రెండు పంక్తులను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి, అచ్చుకూటమువారు అంకెలను తారుమారు చేసిరేమో యను సందేహము కలుగక మానదు. 1950 లో క్లీవ్‌లాండు నగర జనసంఖ్య 9,14,808; కొలంబస్ జనసంఖ్య 3,75,901. 2020 లో కొలంబస్ జనసంఖ్య 9,05,748. క్లీవ్‌లాండు జనసంఖ్య 3,72,624. ఒకే రాష్ట్రమున, ఒకే శాసనములక్రింద, ఒకదానికొకటి ఇంచుమించు నూటనలుబది మైళ్ళ దూరమున నున్న రెండు నగరములు డెబ్బది సంవత్సరములలో ఒకదాని స్థానము నొకటి ఆక్రమించుకొన్నవి.

ఈ తారుమారునకు లోకమున ప్రచారమందున్న సమాధాన మొకటి కలదు. క్లీవ్‌లాండు ఉక్కుపైనను యంత్రశాలలపైనను జీవించిన నగరమనియు, ఆ పరిశ్రమలు క్షీణించుటతో నగరమును క్షీణించెననియు, కొలంబస్ రాష్ట్ర రాజధానియు విశ్వవిద్యాలయ స్థానమును బీమా సంఘములకు నిలయమును అగుటచే కాలపు దెబ్బకు తట్టుకొని నిలిచెననియు చెప్పుదురు. ఇది అసత్యము కాదు. కాని సత్యములో సగము మాత్రమే. ఆ 2020 లెక్కలలోనే మఱియొక పుట త్రిప్పి, నగరముతోబాటు దాని నాశ్రయించియున్న శివారు పురములను, మన జిల్లాలను బోలిన కౌంటీలను కలిపి లెక్కించిన మహానగర ప్రాంతముల సంఖ్యలను చూడుడు. కొలంబస్ ప్రాంతము 21,38,926. క్లీవ్‌లాండు ప్రాంతము 20,88,251. నగరముగ చూచిన ఒకటి రెండవదానికి దాదాపు రెండున్నర రెట్లు. ప్రాంతముగ చూచిన నూటికి మూడు వంతుల భేదమైనను లేదు. క్లీవ్‌లాండు ప్రాంతము పెరుగుట మానివేసి చాల కాలమైనదనుట నిజమే. ఐనను నగరములోని అయిదులక్షల చిల్లర భేదమునకు అది చాలిన కారణము కాదు. ఆ భేద మెక్కడ పుట్టినదో తెలిసికొనవలెనన్న నగరపు ఎల్లగీత నెవరు, ఎప్పుడు, దేనితో గీచిరో చూడవలెను.

1950 లో కొలంబస్ వైశాల్యము ముప్పదితొమ్మిది చదరపు మైళ్ళు. ఇప్పుడది సుమారు రెండువందల ఇరువది. క్లీవ్‌లాండు నాడు డెబ్బదియైదు, నేడు డెబ్బదియెనిమిది. ఒక నగరము అయిదున్నర రెట్లు విస్తరించినది. మఱియొకటి కూర్చున్నచోటనే కూర్చున్నది. కొలంబస్ ఇట్లు విస్తరించుటకు సాధనము సైన్యము కాదు, ధనము కాదు. నీరు.

కొలంబస్ 1812 లో రాష్ట్ర రాజధాని కొఱకే సయోటో నది తూర్పుగట్టుమీద వెలయించిన ఊరు. క్లీవ్‌లాండునకు వాకిటిలోనే ఈరీ సరస్సను మంచినీటి సముద్ర మున్నది. కొలంబసునకున్నవి మాత్రము వేసవిలో సన్నగిల్లు ఏళ్ళే. కావున ఆనకట్టలు కట్టి నీటిని నిలువచేసికొనక తప్పలేదు. 1925 లో ఓషానెస్సీ ఆనకట్ట పూర్తియైనది. 1955 నాటికి హూవరు జలాశయము సిద్ధమైనది. ఇది కొలరాడో నదిపై హూవరు అధ్యక్షుని పేర వెలసిన ఆనకట్ట కాదు. నగర నీటిసరఫరా శాఖలో పనిచేసిన ఇరువురు సోదరుల పేరు దీనికుంచిరి. ఊరి దాహము తీర్చిన ఉద్యోగుల పేరు చెఱువునకు పెట్టు నాచారము మనదేశమునను ఉండిన బాగుండును.

1954 లో సెన్సెన్‌బ్రెన్నరను నాతడు కొలంబసునకు మేయరాయెను. 1960 వఱకు ఒకమారును, 1964 నుండి 1972 వఱకు మఱియొకమారును ఆతడా పదవి నలంకరించెను. యుద్ధానంతరమున నగరమునకు వెలుపల పొలములను కొని ఇండ్లు కట్టించు వ్యాపారులు కొలంబస్ నీటికొఱకును మురుగుకాలువల కొఱకును వచ్చి అడుగుచుండిరి. నూయి త్రవ్వుకొని, మురుగును ఇంటివెనుక గోతిలో నింకించుకొను పద్ధతి నాలుగిండ్లకు చెల్లును గాని నాలుగువందల యిండ్లకు చెల్లదు. నీరు కావలెనన్న మీ నేలను నగరములో కలుపుడు, కలుపనొల్లనిచో మీ నూతులు మీరు త్రవ్వుకొనుడు అనుటయే నగరము వారికిచ్చిన ప్రత్యుత్తరము. అంతకుముందే వేఱు పురములుగ నేర్పడియున్న వానితో మాత్రము ఒడంబడికలు చేసికొని నీరమ్మెను. కాని ఒక్కొక్క పురము ఎంతదూరము విస్తరింపవచ్చునో ఆ ఒడంబడికలు నిర్ణయించుచుండెను. ఆ మేర దాటిన నేల కొలంబసునకే చేరవలెను.

ఫలితముగ నగరము గొట్టములు పోయినదిక్కున కెల్ల చేతులు చాచినది. నేటి కొలంబస్ పటమును చూచినవారికి చెదలు తిన్న తాటాకు జ్ఞప్తికి వచ్చును. నడుమ బెక్స్‌లీ, వైట్‌హాల్ వంటి స్వతంత్ర పురములు ద్వీపములవలె నున్నవి; నగరము వాని చుట్టును పాఱి అవతలి యొడ్డున మరల కలిసికొన్నది. చూపునకు వికారమైనను ఈ పటమున నొక గొప్ప దూరదృష్టి యున్నది. ఒహాయో శాసనముల ప్రకారము జీతగాండ్రు నగర ఆదాయపు పన్నును ముందుగ పనిచేయు నగరమునకు చెల్లింపవలెను. నాడు మొక్కజొన్న పండిన చేలను కలుపుకొన్న కొలంబస్ బొక్కసమునకు నేడు ఆ చేలలో లేచిన కార్యాలయములనుండియు అంగళ్ళనుండియు నూటికి రెండున్నర వంతున పన్ను వచ్చుచున్నది.

క్లీవ్‌లాండు కథ దీనికి ప్రతిలోమము. అది తన సరస్సునీటిని శివారులకు ధారాళముగ అమ్మెను. నీటితోబాటు ఎల్లను సాగింపలేదు. ఈస్ట్ క్లీవ్‌లాండు పౌరులు నగరములో కలియనొల్లమని 1910 లో ఒకమారును 1916 లో ఒకమారును వోటు చేసిరి. నీరు దొరకుచుండగా కలియవలసిన అవసరమేమి? కలవారు చుట్టునున్న పురములకు తరలిపోయిరి. నీరు మాత్రము వారి వెంట పోయినది, పన్ను వెనుకకు రాలేదు. 1978 డిసెంబరులో ఆ నగరము బ్యాంకుల ఋణమును గడువులోపల తీర్చలేక చేతులెత్తినది. నగరమునకు చెందిన విద్యుచ్ఛాల నమ్ముమని పట్టుబట్టిన బ్యాంకులకును, అమ్మనన్న మేయరు కూసినిచ్‌నకును జరిగిన కలహము దానికి తక్షణ కారణము. ఆ కలహమున మా సానుభూతి మేయరు పక్షముననే. కాని బొక్కసము నిండియున్న నగరమునకు బ్యాంకులు అట్టి మాట చెప్ప సాహసించి యుండెడివి కావు.

ఇంతవఱకు చదివినవారికి కొలంబస్ అన్నిట గెలిచినదని తోచవచ్చును. 1950 లో అచ్చట చదరపు మైలునకు తొమ్మిదివేల అయిదువందలమంది యుండిరి. 2020 లో నాలుగువేల చిల్లర మాత్రమే. అయిదులక్షలకు మించి పోగొట్టుకొనెనని అందఱు జాలిపడు క్లీవ్‌లాండునం దిప్పటికిని చదరపు మైలునకు నాలుగువేల ఎనిమిదివందలమంది కలరు! కొలంబస్ పెరుగుదలలో ఎక్కువ పాలు క్రొత్త నేలమీద జరిగినది; పాత నగరము పలుచబడినది. రెండవ ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన నల్లజాతి సైనికుల కొఱకు కట్టిన ఇండ్లుగల హాన్‌ఫర్డు విలేజి నడుమనుండి 1960 దశకమున పెద్దరహదారి వేసిరి. ఆ రహదారి మీదుగనే క్రొత్తగ కలిసిన పేటలవారు నగరమధ్యమునకు పనికి వచ్చి సాయంకాలమునకు మరలిపోవుచుండిరి.

బడుల విషయమున జరిగినది అంతకంటె విచిత్రము. అమెరికాలో పాఠశాలల సరిహద్దు నగర సరిహద్దునకు వేఱు. నేల నగరములో కలిసినంతమాత్రమున అందలి పిల్లలు నగరపు బడులకు తమంతట తాము చేరనక్కఱలేదని 1955 నుండి ఒహాయోలో నిబంధన ఏర్పడినది. కొలంబస్ పాఠశాలాధికారులు జాతులను వేఱుచేసి ఉంచిరని 1977 లో ఫెడరలు న్యాయాధిపతి డంకను తీర్పు చెప్పెను. 1979 లో సుప్రీముకోర్టు దానిని స్థిరపఱచెను. ఆ తీర్పు నగర పాఠశాలలకు వర్తించును గాని శివారు పాఠశాలలకు వర్తింపదు. కావున నగరములో నివసించుచు, నగరపు నీరు త్రాగుచు, పిల్లలను మాత్రము శివారు బడికి పంపదగిన పేటలయందు ఇండ్లకు గిరాకి హెచ్చినది. 1986 లో నగర, శివారు పాఠశాలాధికారులు కలిసి ఈ యేర్పాటును స్థిరపఱచుకొని ఆ యొడంబడికకు ‘ఇరువురకును గెలుపు’ అను నర్థమిచ్చు పేరు పెట్టిరి. గెలిచిన ఇరువురెవరో పేరులోనే యున్నది. పాత పేటలలోని పిల్లలు ఆ ఇరువురిలో చేరరు. నీటిగొట్టముతో అందఱిని ఒక గీత లోపలికి తెచ్చిన నగరము బడిగంటతో మరల రెండుగ చీలినది. బొక్కసమును ఉమ్మడిగ నుంచుకొనుటకు చూపిన పట్టుదలలో పదవవంతు బడిని ఉమ్మడిగ నుంచుకొనుటకు చూపియుండిన ఈ నగరచరిత్ర మఱియొక విధముగ నుండెడిదని మా యభిప్రాయము.

ఇటీవలి పెరుగుదల స్వభావము కొంత మాఱినది. 2010 నుండి 2020 వఱకు కొలంబస్ నగరము 1,18,715 మందిని చేర్చుకొన్నది. అంతఃకలహమునుండి తప్పించుకొని వచ్చిన సోమాలీలును, భూటాన్ ప్రభుత్వముచే వెడలగొట్టబడి నేపాళమున శిబిరములలో ఏండ్లతరబడి గడపిన నేపాలీ భాషీయులును ఇచ్చట పెద్దసంఖ్యలో స్థిరపడిరి. మనవారును కలరు. విద్యార్థులుగను, కంప్యూటరు వృత్తులవారుగను పోయిన తెలుగువారు ‘కొలంబసులో నున్నా’మని ఇంటికి వ్రాయుదురు గాని, వారిలో డబ్లిన్, పవెల్ మొదలగు శివారు పురములలో ఇండ్లు కొన్నవారిని జనాభా లెక్కలవారు కొలంబస్ పౌరులుగ లెక్కింపరు, వారు ప్రాంతపు సంఖ్యలో నుందురు, నగరపు సంఖ్యలో నుండరు. ఉత్తరముననున్న డెలవేరు కౌంటీ జనసంఖ్య 1990 లో 66,929; 2020 లో 2,14,124. ముప్పదియేండ్లలో మూడింతలకు మించినది.

ఇందఱు చేరిన యీ రాజధానికి రైలు లేదు! 1979 లో కడపటి ప్రయాణికుల రైలు నిలిచిపోయినది మొదలు మరల రాలేదు. ఇరువదిలక్షలమంది మోటారుబండ్లనే నమ్ముకొనియున్నారు. 2024 నవంబరులో పౌరులు బస్సుల వృద్ధికై అమ్మకపు పన్నును అరవంతు హెచ్చించుకొనుటకు వోటు చేసిరి. ఆ సంవత్సరముననే నగరసభ ముఖ్యవీథుల వెంబడి ఎత్తైన కట్టడములకు అనుమతి నిచ్చుచు నిబంధనలను మార్చినది. డెబ్బదియేండ్లు ప్రక్కకు పెరిగిన ఊరు ఇప్పుడు పైకి పెరుగ నారంభించినది. ప్రక్కకు పోవుటకు ఇంక సులభమగు నేల లేదు. నలువైపుల ఇతర పురములు అడ్డుపడినవి.

2022 లో ఇంటెల్ సంఘమువారు అర్ధవాహక కర్మాగారములను నిర్మింతుమని ప్రకటించిన స్థలము ఇందుకు నిదర్శనము. అది లికింగ్ కౌంటీలోనిది. దానిని కలుపుకొన్నది కొలంబస్ కాదు, న్యూ ఆల్బనీ యను శివారు పురము. కర్మాగారము తెఱచుట 2030 దాటునని 2025 లో ఆ సంఘమువారే చెప్పిరి. న్యూ ఆల్బనీకి నీరిచ్చునది మాత్రము కొలంబస్. సెన్సెన్‌బ్రెన్నరు నాటి సూత్రమిచ్చట తలక్రిందులైనది: నీరు నగరముది, నేలయు దానిపై పుట్టు పన్నును పరులవి. ఉన్న మూడు నీటిశుద్ధి కేంద్రములు చాలవని నగరము నాల్గవదానిని కట్ట బూనుకొన్నది. అది తన ఎల్లలోపల కాదు. డెలవేరు కౌంటీలో, ఓషానెస్సీ జలాశయపు ప్రాంతమున.