సూపర్‌మాన్ ఎవరివాఁడు? – గ్రంథస్వామ్య విచారము

ఒక గ్రంథమును జూపి “యిది యెవరిది?” యని యడిగినచో రెండువిధముల నుత్తర మీయవచ్చును. వ్రాసినవాని పేరు చెప్పవచ్చును. హక్కుగలవాని పేరును జెప్పవచ్చును. షష్ఠి కర్థములు నూటొక్కటి యని మహాభాష్యకారుని మతము. అందు జన్యజనకభావ మొకటి, స్వస్వామిభావ మొకటి. దేవదత్తుని కొడు కనుచోట మొదటిది, దేవదత్తుని యా వనుచోట రెండవది. ఆవు నమ్మవచ్చును; కొడుకు నమ్మరాదు, అమ్మినను బితృత్వము పోదు. గ్రంథమునం దీ రెండు సంబంధములును గలసియుండుటచేతనే వివాదములు పుట్టుచున్నవి. అమెరికాదేశమున సూపర్‌మాన్ అను చిత్రకథానాయకునిఁ గూర్చి నడచిన వ్యాజ్యము లిందుకుఁ దగిన యుదాహరణము.

ఒహాయో రాష్ట్రమందలి క్లీవ్‌లండు పట్టణమున జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను మిత్రు లిరువు రుండిరి. మొదటివాఁడు కథలు వ్రాయును, రెండవవాఁడు బొమ్మలు వేయును. వేఱొక గ్రహమునఁ బుట్టి భూలోకమునఁ బెరిగి, అమానుషబలముతో దుర్బలులఁ గాపాడు వీరుని వారు కల్పించి పలువురు ప్రచురణకర్తలకుఁ జూపఁగా నెవ్వరును గైకొనలేదు. తుదకు డిటెక్టివ్ కామిక్స్ అను సంస్థ యంగీకరించెను. 1938 మార్చి 1వ తేదీని వారు పుటకు 10 డాలర్ల చొప్పునఁ 13 పుటలకు 130 డాలర్లు పుచ్చుకొని సర్వస్వామ్యములను శాశ్వతముగ సంస్థకు వ్రాసియిచ్చిరి. ఆ కథ 1938 జూను తేదీతో “యాక్షన్ కామిక్స్” మొదటి సంచికయందు వెలువడెను.

సంస్థ కొన్న దేమి? 1939లో బ్రన్స్ అను మఱియొక సంస్థ “వండర్‌మాన్” అను వీరునిఁ బ్రకటింపఁగా డిటెక్టివ్ కామిక్స్ వారు దావా వేసిరి. మహాబలుఁడగు పరోపకారి యను సామాన్యభావము లోకమున కెల్ల సొత్తనియు, దానిని వెలయించిన సంఘటనాక్రమము, మాటలు, బొమ్మలు మాత్రమే స్వామ్యమున కర్హము లనియు, వండర్‌మాన్ ఆ విశేషముల ననుకరించె ననియు 1940లో న్యూయార్కునందలి అప్పీలు కోర్టు తీర్పు చెప్పెను. మన పరిభాషలో, జాతికి స్వామి లేఁడు, వ్యక్తికిఁ గలఁడు.

సీగెల్ సైన్యమునం దుండఁగా, అతఁ డంతకుమున్ను సూచించిన “సూపర్‌బాయ్” అను బాల్యకథను సంస్థవారు అతని యనుమతి లేకయే ప్రకటించిరి. 1947లో మిత్రులు దావా వేసిరి. సూపర్‌మాన్ 1938 నాఁటి పత్రముచే సంస్థకుఁ జెందె ననియు, సూపర్‌బాయ్ సీగెల్‌దే యనియు 1948లో నిర్ణయ మయ్యెను. ప్రకృతి నమ్మినంతమాత్రమున వికృతి యమ్ముడుపోదని దీని తాత్పర్యము. కాని వారు రాజీపడి, యించుమించు 94,000 డాలర్లు గైకొని రెంటిని వదలుకొనిరి. పిమ్మటఁ గథలపై వారి పేర్లు కానరావయ్యెను. అమ్మినది స్వామ్యము, పోయినది కర్తృత్వముకూడ.

1909 నాఁటి శాసనమున హక్కు 28 ఏండ్లు. పిమ్మట మఱి 28 ఏండ్లకుఁ బునరుద్ధరింపవచ్చును. ఆ రెండవ భాగము తమదని వారు 1969లో మరల వ్యాజ్యము వేసిరి. 1974లో అప్పీలు కోర్టు, కథ యమ్మకమునకు మున్నే పుట్టినది గాన జీతమునకుఁ జేసిన పని కాదని యొప్పుకొనియు, నమ్మకమున సర్వస్వామ్యములును జేరినవని చెప్పి సంస్థనే గెలిపించెను. 1975లో సూపర్‌మాన్ సినిమా సన్నాహము జరుగుచుండఁగా వారి దారిద్ర్యము పత్రికల కెక్కెను. అప్పటికి సంస్థకు స్వామియైన వార్నర్ కమ్యూనికేషన్స్ వారు ఒక్కొక్కరికి నేఁటేఁట 20,000 డాలర్లిచ్చుటకును, కథలపై పేర్లు మరల నచ్చొత్తించుటకును సమ్మతించిరి. కోర్టు చేయనిదానిని లోకాపవాదభీతి చేసెను.

గ్రంథము వెలువడకమున్ను దాని విలువ కర్తకుఁ దెలియదు. ఈ న్యాయము ననుసరించి 1976 నాఁటి శాసనము, 56 ఏండ్లు గడచిన పిమ్మటఁ బూర్వవిక్రయమును రద్దుచేయు నధికారమును గర్తకును వారసులకును నొసఁగెను. షుస్టర్ 1992లో, సీగెల్ 1996లో మరణించిరి. సీగెల్ భార్యయుఁ గూఁతురును 1997లో నోటీసిచ్చిరి. మొదటి కథయందు సీగెల్ భాగము వారికిఁ దిరిగివచ్చె నని 2008లో జిల్లాకోర్టు తేల్చెను. కాని 2001లో వారి న్యాయవాది వ్రాసిన యుత్తరమే సంపూర్ణమగు నొడంబడిక యని 2013లో అప్పీలు కోర్టు నిర్ణయించెను. షుస్టర్ తోఁబుట్టువులు 1992లో వ్రాసియిచ్చిన పత్రమును నట్లే యడ్డు వచ్చెను. 2014లో సుప్రీంకోర్టు షుస్టర్ పక్షమువారి విన్నపమును విచారణకుఁ గైకొనలేదు. శాసన మిచ్చిన దానిని సంతకములు తీసికొనెను.

ఆ మొదటి కథ 2034 జనవరి 1వ తేదీని అమెరికాలో సర్వజనసామాన్య మగును. నాఁటితో దానియందు స్వస్వామిభావము నశించును, జన్యజనకభావము నశింపదు.

మన పూర్వులు కృతికర్త, కృతిభర్త యని యీ భేదమునే పాటించిరి. కృతి నరాంకిత మైనను, ఆశ్వాసాంతగద్యమునఁ గవి పేరు నిలిచెను. మన 1957 నాఁటి గ్రంథస్వామ్యశాసనము 57వ విభాగమున, స్వామ్యము నమ్మినను గర్త తన కర్తృత్వమును జెప్పుకొను హక్కు నిలిపియున్నది. 19వ విభాగము ప్రకారము, పత్రమునఁ గాలము నిర్దేశింపనిచో విక్రయ మైదేండ్లకే చెల్లును. వాచకములు, వ్యాఖ్యానములు వ్రాసి ప్రకాశకుల కిచ్చు పండితులు “సర్వస్వామ్యములు” అను సమాసమును విగ్రహించి చూచుకొని గాని సంతకము చేయరాదు.